మీరు రోజూ ఏమి వ్రాస్తారు?

“మీరు రోజూ ఏమైనా వ్రాస్తూ ఉంటారా? చేతితో వ్రాయడం మీకు ఇష్టమా, కంప్యూటరు మీద వ్రాయడం ఇష్టమా? చిన్నప్పటికీ ఇప్పటికీ మీ దస్తూరి ఏమైనా మారిందా?” విదేశాలలో చదువుకో కొలువుకో వెళ్లగోరే మన యువతీయువకులు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు కూర్చున్నప్పుడు, మాట్లాడే భాగంలో వారికి ఎదురయ్యే ప్రశ్నలు ఇటువంటివి. వీటికి జవాబు చెప్పడానికి శాస్త్రపాండిత్యం అక్కరలేదు. లోకవ్యవహారాలు కూలంకషంగా తెలియనక్కరలేదు. ఎవరి దినచర్యను గురించి వారు నాలుగు మాటలు చెప్పగలిగితే చాలును. ఇంతకంటె సులభమైన ప్రశ్న మరొకటి ఉండదని మనకు తోస్తుంది.

కాని పరీక్ష గదిలో జరిగేది వేరు. కర్నూలులోనో కడపలోనో డిగ్రీ పూర్తిచేసిన ఒక పిల్లవానిని ఊహించుకొందాము. ఒకటవ తరగతి నుండి అతడు నింపిన నోటుపుస్తకాలన్నీ పేర్చితే నిలువెత్తు అవుతాయి. అయినా “మీరు రోజూ ఏమి వ్రాస్తారు?” అనగానే అతనికి తన వ్రాత ఏదీ జ్ఞాపకం రాదు. శిక్షణ ఇచ్చినవారు చేతికందించిన కాగితం జ్ఞాపకం వస్తుంది. తనకు ప్రతిరాత్రి డైరీ వ్రాసే అలవాటు ఉన్నదనీ, అందువల్ల మనస్సుకు ప్రశాంతత కలుగుతుందనీ గడగడ అప్పజెబుతాడు. “వ్రాసినదానిని మళ్లీ ఎప్పుడైనా చదువుకొంటారా?” అని తరువాతి ప్రశ్న. చదువుకొంటానంటాడు. “ఎందుకని?” అక్కడితో బండి ఆగిపోతుంది. ఎందుకంటే ఆ డైరీ అతని ఇంట లేదు, ఎన్నడూ లేదు.

ఇది చూచి మనము సాధారణంగా చెప్పే తీర్పు ఒక్కటే: పిల్లలకు ఇంగ్లీషు రాదు. ఆ తీర్పు సగమే నిజమని నా అభిప్రాయం. అదే పిల్లవానిని అదే ప్రశ్న తెలుగులో అడిగి చూడండి. “ఏముందండీ, ఏమీ వ్రాయను” అంటాడు. అనగా లోపం కేవలం భాషలో లేదు. తన దైనందిన జీవితంలో చెప్పదగిన విషయమున్నదనే ఎరుక అతనికి లేదు. ఆ ఎరుక కలిగించవలసిన చోటు బడి. మన బడి ఆ పని చేస్తున్నదా అన్నదే ఈనాడు ఆలోచించవలసిన విషయము.

ముందుగా ఆ పరీక్ష స్వరూపం కొంచెం తెలుసుకొందాము. మాట్లాడే భాగం మొత్తం 11 నుండి 14 నిమిషాలు. అందులో మూడు అంతరువులు. మొదటిది నాలుగైదు నిమిషాలు. ఇల్లు, ఊరు, చదువు, అలవాట్లు మొదలైన పరిచిత విషయాలు. రెండవదానిలో ఒక విషయం ఇచ్చి, ఆలోచించుకొనడానికి ఒక నిమిషం వ్యవధి ఇచ్చి, ఒకటి రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడమంటారు. మూడవదానిలో అదే విషయాన్ని విస్తరించి చర్చిస్తారు. ఇక విలువ కట్టే పద్ధతి: ధారాళత, పొందిక కలిసి ఒక అంశం, పదసంపద ఒకటి, వ్యాకరణంలోని వైవిధ్యం, నిర్దుష్టత ఒకటి, ఉచ్చారణ ఒకటి. నాలుగింటికీ సమానమైన విలువ. ఈ నాలుగింటిలో అభిప్రాయాల గొప్పతనానికి మార్కు లేదని ఉపాధ్యాయులు గమనించాలి. డైరీ వ్రాసేవానికి ఎక్కువ, పద్దు వ్రాసేవానికి తక్కువ అనే నియమం ఎక్కడా లేదు. పైగా కంఠస్థం చేసి వచ్చిన వాక్యాలను గుర్తుపట్టడం ఆ పరీక్షకులకు వృత్తిలో భాగం.

ఈ ప్రశ్న విదేశాలకు పోయే కొద్దిమందికి మాత్రమే సంబంధించినదని త్రోసిపుచ్చడానికి వీలులేదు. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌తో ఒప్పందం చేసుకొని, మూడవ తరగతి నుండి తొమ్మిదవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టోఫెల్ పరీక్షలను ప్రవేశపెట్టింది. 2024 ఏప్రిల్‌లో ఆ పరీక్షలు జరిగాయి. ఆ సంవత్సరమే ప్రభుత్వం మారిన తరువాత ఆ ఏర్పాటు నిలిచిపోయింది. అంతకుముందు 2019 నవంబరులో ప్రాథమిక తరగతులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చుతూ వెలువడిన ఉత్తరువులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈ అయిదారు సంవత్సరాలలో ఏ మాధ్యమం ఉండాలి, ఏ పరీక్ష పెట్టాలి అని జరిగిన వాదానికి లెక్కలేదు. పిల్లవాడు ఏ భాషలోనైనా తనంతట తాను అయిదు వాక్యాలు వ్రాస్తున్నాడా అని అడిగినవారు మాత్రం అరుదు. పరీక్షలు వచ్చాయి, పోయాయి. ప్రశ్న మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఇక్కడ కడపవారందరికీ తెలిసిన ఒక పాత సంగతిని క్రొత్త దృష్టితో చూడడం ప్రయోజనకరం. రెండువందల ఏండ్ల క్రిందట ఈ పరీక్ష తలక్రిందులుగా జరిగేది. అప్పుడు పరీక్షకు కూర్చున్నవాడు ఇంగ్లీషువాడు. పరీక్షించిన భాష మనది. కుంఫిణీ కొలువులో చేరి మద్రాసుకు వచ్చిన దొరలు 1812లో ఏర్పడిన సెయింటు జార్జి కోట కళాశాలలో దేశభాషలు చదివి పరీక్ష ఇచ్చిన తరువాతనే జిల్లాలకు పోయేవారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ విధంగా వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దుకొని, పరీక్ష గట్టెక్కి, 1820లో కడప కలెక్టరు కచేరీలో సహాయకుడుగా ప్రవేశించాడు. అప్పటి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. పరీక్షలో నెగ్గిన తెలుగు కచేరీలో చాలదని బ్రౌన్ త్వరలోనే తెలుసుకొని ఉండాలి. ఎదుట నిలిచిన రైతు వ్యాకరణసూత్రాలు వల్లించడు. పంట ఎండిన సంగతి, శిస్తు కట్టలేని సంగతి చెప్పుకొంటాడు.

బ్రౌన్ వేమనను వెలికితీశాడని, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడని, కడపలో తన బంగళాలో సొంత సొమ్ముతో పండితులను పోషించి కావ్యాలను పరిష్కరింపజేశాడని మనము పిల్లలకు చెబుతాము. చెప్పవలసినదే. కాని తోటి దొరలకు తెలుగు నేర్పడానికి అతడు కూర్చిన వాచకంలో ఏమున్నదో సాధారణంగా చెప్పము. అందులో అతడు చేర్చినవి సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు కాగితాలు, రెవెన్యూ కాగితాలు. ఒక జాతి భాషను పట్టుకొనాలంటే కావ్యంతోపాటు ఆ జాతి ప్రతిదినం వ్రాసుకొనే చీటీని కూడ చదవాలని ఆ దొరకు తెలిసింది. మనవాళ్ల నిత్యపు వ్రాతను ఒక పరదేశి పాఠ్యగ్రంథంగా గౌరవించాడు. ఆ వ్రాతను మన పిల్లలు నేడు పరదేశి ముందు చెప్పుకొనడానికి సిగ్గుపడుతున్నారు. ఇదే ఇందులోని వింత.

నిజానికి ఈ నేలకు నిత్యపు వ్రాత క్రొత్త కాదు. ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్లలో రేనాటి చోళుడు ధనంజయుని నాటి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించారు. తెలుగు వాక్యాలతో దొరికిన శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా దానిని గ్రహిస్తున్నారు. అది కావ్యం కాదు, పాలనకు సంబంధించిన వ్రాత. తరువాతి కాలంలో ఊరి లెక్కలన్నీ కరణాల కవిలెకట్టలలోను, కడితాలలోను నిలిచాయి. మెకంజీ దొర సేకరింపజేసిన కడప జిల్లా కైఫియత్తులు చూడండి: ఏ చెరువు ఎవరు త్రవ్వించారు, ఏ మాన్యం ఎవరిది, ఏ కరువులో ఊరు ఎట్లా పాడుపడింది అన్నవి ఊరి మనుషులు చెప్పగా వ్రాసుకొన్నవే. నాడు వాటిని ఎవరూ సాహిత్యమనుకోలేదు. నేడు అవి లేకుంటే సీమ చరిత్రలో ఎన్నో పుటలు ఖాళీగా ఉండేవి. 1984లో కరణీకాలు పోయాయి. వ్రాత మాత్రం పోలేదు, చేతులు మారింది.

ఆ చేతులలో బడిపిల్లల చేతులు కూడ ఉన్నాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరుపొందిన చోటు. అటువంటి సంఘాలు నేడు ఏ పల్లెలోనైనా ఉన్నాయి. ప్రతి సంఘానికీ తీర్మానాల పుస్తకం, అప్పుల పద్దు ఉంటాయి. సభ్యురాండ్రలో చదివినవారు లేనిచోట ఆ పుస్తకం వ్రాసేది ఎవరో ఒకరి ఇంటి తొమ్మిదో తరగతి పిల్ల. సోమవారం కలెక్టరు కచేరీకి పోయే ముసలమ్మ “ఈ అర్జీ కొంచెం రాసిపెట్టు నాయనా” అని అడిగేది ప్రక్కింటి ఇంటర్మీడియట్ కుర్రవానినే. రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్‌కు పోయిన తండ్రికి తల్లి మాటలను ఉత్తరంలో పెట్టినవారు ఒక తరం పిల్లలు. ఆ ఉత్తరాల తావును తరువాత టేపు కేసెట్టు, ఇప్పుడు సెల్‌ఫోను ఆక్రమించాయి. అయినా తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి పంపడం కూడ ఒక వ్రాతే. అంగడి సామాను చీటీ, వేరుసెనగ విత్తనాల ఖర్చు, బోరు వేయించిన అప్పు, బ్యాంకులో అమ్మ తరపున నింపిన కాగితం: ఇన్ని వ్రాసే పిల్లవాడు “ఏమీ వ్రాయను” అంటున్నాడు!

అదే ప్రశ్నకు ఆ తొమ్మిదో తరగతి పిల్ల పెద్దదై ఈ విధంగా జవాబు చెప్పిందనుకొందాము: “మా అమ్మ పొదుపు సంఘం పుస్తకం నేను వ్రాసేదాన్ని. ఎవరు ఎంత కట్టారో, ఎవరి అప్పు ఎంత మిగిలిందో వ్రాసి అందరికీ చదివి వినిపించేదాన్ని. ఒకసారి ఒకరి వాయిదా మరొకరి పేరు క్రింద వ్రాశాను. ఇద్దరూ నాలుగు దినాలు మాట్లాడుకోలేదు. అప్పటి నుండి అంకె వేసే ముందు పేరు రెండుసార్లు చూస్తాను. చేతితో వ్రాయడమే నాకు ఇష్టం. ఎందుకంటే సంతకం, వేలిముద్ర ఆ కాగితం మీదనే పడాలి.”

ఈ జవాబును పరీక్ష కొలతతో కొలిచి చూడండి. అలవాటు చెప్పడానికి ఒక క్రియారూపం, జరిగిపోయిన పొరపాటు చెప్పడానికి మరొకటి, ఇప్పటి జాగ్రత్త చెప్పడానికి ఇంకొకటి. వ్యాకరణంలోని వైవిధ్యం వెదకకుండానే వచ్చింది. వాయిదా, అప్పు, సంతకం, వేలిముద్ర అనే మాటలకు ఇంగ్లీషు పదాలు నేర్చుకొంటే అది నిజమైన పదసంపద; గైడులో నుండి ఏరిన ఆడంబర పదాలు కావు. ఒక వాక్యం మరొక వాక్యానికి కారణమై నిలుస్తున్నది కాబట్టి పొందిక ఉన్నది. తాను చూచినదే చెబుతున్నది కాబట్టి మాట తడుముకొనదు. ఉచ్చారణ సంగతి కూడ అంతే. వల్లెవేసిన పాఠానికి ఒకే స్వరం, అనుభవించి చెప్పే మాటకు ఎత్తుపల్లాలు. ఇన్ని గుణాలు ఒక పద్దుపుస్తకంలో నుండి పుట్టాయి. లేని డైరీలో నుండి ఇవి పుట్టవు.

మరి ఈ జవాబు ఆ పిల్ల నోట ఎందుకు రాదు? రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది సిగ్గు. అప్పు, అర్జీ, వేలిముద్ర అన్నవి పేదరికపు గుర్తులనీ, ఇంగ్లీషు మాట్లాడే చోట వాటి ఊసు ఎత్తగూడదనీ పిల్లలు ఎట్లాగో నేర్చుకొన్నారు. ఇంగ్లీషుతోపాటు ఇంగ్లీషు జీవితం కూడ అరువు తెచ్చుకొనాలని వారి భ్రమ. భాషను అరువు తెచ్చుకొనవచ్చును. బ్రతుకును అరువు తెచ్చుకొంటే మొదటి ఎదురు ప్రశ్నకే దివాలా.

రెండవ కారణం బడి వ్రాత. మన పిల్లలు తక్కువ వ్రాయడం లేదు. తమ మాట వ్రాయడం లేదు. నల్లబల్ల మీదిది దింపుకొంటారు. గైడులోది ఎత్తి వ్రాస్తారు. మన తెలుగు వాచకాలలో స్వీయరచన అనే శీర్షికతో ప్రశ్నలుంటాయి. ఆ స్వీయరచనకు కూడ గైడులో జవాబు సిద్ధంగా ఉంటుంది! పరుల స్వీయరచనను కంఠస్థం చేసి మార్కులు పొందే దుస్థితిని మనమందరం చూస్తూనే ఉన్నాము. పదవ తరగతి దాటి ఎంపీసీలోనో బైపీసీలోనో చేరితే ఆ మాత్రం వ్రాత కూడ వెనుకబడుతుంది. అక్కడ గురి అంతా ప్రవేశపరీక్ష మీద. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు. ప్రతిదానికీ కంప్యూటరు తెర మీద నాలుగింటిలో ఒకటి ఎన్నుకోవడమే పని. ఒక్క వాక్యం కూర్చవలసిన అవసరం లేదు. అటువంటి రెండేండ్లు గడిపిన పిల్లవానిని “మీకు వ్రాయడం ఇష్టమా?” అని అడిగితే అతడు నిజం చెప్పలేక అబద్ధం అప్పజెబుతున్నాడు. తప్పు అతని ఒక్కనిదే అనడం న్యాయం కాదు.

ఇందుకు ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. పరదేశపు సంస్థలు రుసుము పుచ్చుకొని జరిపే పరీక్ష కోసం మన బడులను దిద్దుకొనాలా? దిద్దుకొననక్కరలేదు. ఆ పరీక్ష ఇక్కడ అద్దం మాత్రమే. మొగం మీద మసి ఉన్నదని అద్దం చూపితే, మసి తుడుచుకొనేది అద్దం మెప్పు కోసం కాదు గదా. తన సంగతి తాను చెప్పుకొనలేనివాడు పరీక్షలోనే కాదు, కచేరీలో, ఆసుపత్రిలో, బ్యాంకులో కూడ నష్టపోతాడు. వానికి అర్జీ ఎప్పుడూ మరొకరు వ్రాయవలసిందే.

మరొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుండి ప్రతి ఏడూ ఎన్నో కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు తరలిపోతాయి. వారితోపాటు పిల్లలూ పోతారు. నెలల తరబడి బడి ఉండదు. అటువంటివారికి ఇంగ్లీషు సంభాషణ, దైనందిన రచన అని చెప్పడం పరిహాసం కాదా? ఈ ప్రశ్నకు వినయంగా జవాబు చెప్పాలి. వానలు కురిపించే శక్తి, వలస ఆపే శక్తి నోటుపుస్తకానికి లేదు. ఆ పని ప్రభుత్వాలది, నీటిది, పనులది. కాని తిరిగి వచ్చిన పిల్లవానిని ఆ దినాన మనము ఏమంటున్నాము? “ఇన్నాళ్లు ఎక్కడ పోయావు?” అని గద్దించి, పోయిన పాఠాలు దింపుకొమ్మంటున్నాము. ఆ ప్రశ్ననే గద్దింపు లేకుండా అడిగి, “చూచినది వ్రాయి” అంటే, తరగతిలో అందరికంటె ఎక్కువ చెప్పగలిగినవాడు వాడే కావచ్చును. కూలి ఎంత, గుడిసె ఎక్కడ, నీళ్లు ఎక్కడివి, చేతుల మంట ఎట్లా తగ్గుతుంది? కైఫియత్తులు వ్రాసుకొన్నవారు అడిగినవి ఇటువంటి ప్రశ్నలే.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి విద్యార్థికి ఒక పలుచని పుస్తకం. దినానికి అయిదు వాక్యాలు, మొదట తెలుగులో. విషయం ఆ దినం తాను చూచినది, చేసినది, ఇంట్లో వ్రాసిపెట్టినది. ఆ పుస్తకంలో ఎర్రసిరా పడగూడదు. తప్పులు వేరే రోజున వేరే చోట దిద్దవచ్చును. వారానికొకసారి తాను వ్రాసినదానిలో ఒకదానిని చూడకుండా రెండు నిమిషాలు తరగతికి చెప్పాలి. విన్నవారు ఒకే ఒక ప్రశ్న వేయాలి: “ఎందుకని?” ఇది కుదిరిన తరువాత అదే సంగతిని ఇంగ్లీషులో చెప్పమనాలి. చెప్పవలసిన సంగతి ముందే చేతిలో ఉంటే, దానికి కావలసిన మాటల కోసం పిల్లవాడు తానే అడుగుతాడు. అడిగి తెలుసుకొన్న మాట నిలుస్తుంది. గైడుకు ఈ పుస్తకంలో చోటు లేదు. ఎందుకంటే కోసిగి పిల్లవాని నిన్నటి దినాన్ని ఏ గైడూ ముందుగా అచ్చువేయలేదు.

విద్యార్థులకు ఒక మాట. మీ ఇంటి వ్రాతను చిన్నచూపు చూడకండి. ఈ రాత్రి ఒక కాగితం తీసుకొని, గడచిన వారంలో మీ చేతితో వ్రాసినవన్నీ ఒక జాబితాగా వేయండి. సామాను చీటీని, ఫోనులో పంపిన కబురును, అవ్వ కోసం నింపిన కాగితాన్ని కూడ విడువవద్దు. ఆ జాబితా మీరు అనుకొన్నదానికంటె పొడుగు ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా ఎదుట కూర్చుండి ఏ భాషలోనైనా ఆ చిన్న ప్రశ్న అడిగితే అందులోనిది ఒకటి చెప్పండి.

బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట కడపలో నేడు అతని పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి. పిల్లలను అక్కడకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులు తాటాకు గ్రంథాలతోపాటు ఈ సంగతి కూడ చెబితే బాగుంటుంది: ఒకప్పుడు ఒక పరదేశి ఈ ఊరిలో కూర్చుండి, మన తాతముత్తాతలు రోజూ ఏమి వ్రాసుకొంటున్నారో తెలుసుకొనడానికి ఏండ్ల తరబడి కష్టపడ్డాడు. ఇప్పుడు అదే ప్రశ్న మనలను అడుగుతున్నారు. జవాబు మన దగ్గరే ఉన్నది.